శెనక్కాయ పీకుళ్ల ముందు నడుముకు సూది వేయించుకునేవాళ్లకు

వినాయక చవితి దాటితే మా అనంతపురం పల్లెల్లో నడుము నొప్పులున్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. నెలా రెండు నెలల్లో శెనక్కాయ చెట్లు పీకాలి. కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. "ఈలోపల నడుముకు ఆ సూదేదో ఏయించుకుంటే పీకుళ్లు గట్టెక్కుతాయి గదా" అని పోయినేడు మా మామ కూడా అన్నాడు.

ఎపిడ్యూరల్ అనే ఆ సూదితో నాకు పేచీ లేదు. దాన్ని పీకుళ్లకు ముందు పెట్టుకోవడమే నచ్చలేదు. వెన్నుపామును కప్పిన పొరకు బయట సన్నటి ఖాళీ ఉంటుంది. అందులోకి స్టెరాయిడు, చాలాసార్లు దాంతోపాటు కొంచెం మత్తుమందు ఎక్కిస్తారు. నలిగిన నరం చుట్టూ వాపు తగ్గి నొప్పి దిగుతుంది. ఆ నరాన్ని నొక్కుతున్న జారిన డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, మాత్రం ఆ పూటకు జారినచోటే ఉంటుంది. చాలామందిలో అది నెలల మీద దానంతటదే సర్దుకుంటుంది. ఆ నెలలు నొప్పి లేకుండా గడవడానికే ఈ సూది. నొప్పి తెలియట్లేదు కదా అని వంగి చెట్లు పీకి, మూటలు ఎత్తితే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో మాట కూడా ముందే తెలుసుకోవాలి. పిరుదు నుంచి పిక్క దాకా, పాదం దాకా నరం గుంజే నొప్పికి ఇది కొన్నాళ్లపాటు పనిచేయొచ్చు. నడుములోనే ఉండిపోయే నొప్పికి పెద్దగా లాభం ఉండదు. కాబట్టి "నాకు ఏ నరం నలిగింది, ఎంఆర్ఐలో అది కనబడిందా" అని డాక్టరును అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు, పడితే ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు.

మామ సంగతి చెప్తాను. సూది వేసే రోజు నర్సమ్మ "ఏమైనా మాత్రలు వాడుతున్నారా" అని అడిగింది. "ఏముంటాయమ్మా, బీపీది ఒగటే" అన్నాడు. నాకు అనుమానం వచ్చి సంచిలోంచి మాత్రల డబ్బా తీశాను. అది పాత బిస్కెట్ల డబ్బా, లోపల కత్తిరించిన పట్టీలు. వాటిల్లో క్లోపిడోగ్రెల్ ఉంది. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి వేసుకుంటున్న రక్తం పలచబడే మాత్ర. మామ లెక్కలో అదీ బీపీ మాత్రే! ఆ రోజు సూది ఆపేశారు. ఈ మాత్ర మీద ఉండగా సూది గుచ్చితే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. మామూలుగా దీన్ని 7 రోజుల ముందు, వార్ఫరిన్ అనే ఇంకో రక్తం పలచబడే మాత్ర అయితే 5 రోజుల ముందు ఆపిస్తారు. కానీ ఆపే నిర్ణయం గుండె డాక్టరుదే. సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. కొత్తగా స్టెంటు పడినవాళ్లకు అసలు ఆపనే ఆపరు. అందుకే ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసుకుని పోండి. పేర్లు గుర్తుపెట్టుకునే పని ఉండదు.

షుగరున్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. స్టెరాయిడు పడ్డాక షుగరు పెరుగుతుంది, కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే అలా ఉంటుంది. ఇంట్లో మిషను ఉంటే వారం పాటు రోజూ రెండు మూడుసార్లు చూసుకోండి. ఎంత దాటితే ఫోన్ చేయాలో, మాత్రగానీ ఇన్సులిన్‌గానీ పెంచాలో లేదో ముందే రాయించుకోండి. ముందునుంచే షుగరు అదుపులో లేకపోతే సూది వాయిదా వేయించుకోవడమే మేలు.

జ్వరం, మూత్రంలో మంట, చీము పట్టిన పన్ను, నడుము మీద సెగ్గడ్డ, వీటిలో ఏదున్నా దాచకండి. ఆ రోజు పని పోయినా, బస్సు చార్జీలు దండగైనా సరే. గర్భం అనుమానం ఉన్నా, మత్తుమందుగానీ, ఎక్స్‌రేలో కనబడటానికి ఎక్కించే రంగుమందుగానీ పడదని తెలిసినా ముందే చెప్పాలి.

సూదిని సి-ఆర్మ్ మిషను కింద, ఎక్స్‌రేలో చూస్తూ, రంగుమందు ఎక్కించి వేస్తారా అని కూడా అడగండి. సూది మొన ఎక్కడుందో వాళ్లకు కనబడాలి. చాలా అరుదుగానైనా పక్షవాతం, చూపు పోవడం, ప్రాణం పోవడం కూడా జరిగాయని అమెరికాలో మందులను అదుపుచేసే సంస్థ ఎఫ్‌డిఎ 2014లోనే హెచ్చరించింది. భయపెట్టడానికి కాదు, సంతకం పెట్టే కాగితంలో ఏముందో చదివి పెట్టమని చెప్తున్నా.

ఆ రోజు తోడు మనిషి ఉండాలి. కాలు కాసేపు మొద్దుబారొచ్చు, కాబట్టి బండి తోలొద్దు. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో బైకు మీద వచ్చినవాళ్లు ఆ గుంతల్లో వెనక కూర్చుని పోవడం కూడా నాకు ఇష్టం లేదు, ఆటోనో కారో చూసుకోండి. మొదటి కొన్ని గంటలు నొప్పి మాయమై, రాత్రికి మళ్లీ వస్తే కంగారు పడకండి. అది మత్తుమందు దిగిపోవడం. స్టెరాయిడు పని మొదలవడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ముఖం ఎర్రబడటం, రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం మామూలే.

మామూలు కానివి వేరే. పడుకుంటే తగ్గి లేస్తే పగిలిపోయే తలనొప్పి వస్తే వేసిన డాక్టరుకు అదే రోజు చెప్పాలి. జ్వరం, మెడ పట్టేయడం, కాలు బలం తగ్గుతూ పోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోండి.

మామకు వారం తర్వాత, గుండె డాక్టరు ఒప్పుకున్నాక సూది పడింది. పీకుళ్లప్పుడు గట్టు మీద కుర్చీ వేసుకుని కూలీల మీద అరవడంతో సరిపెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే నడక, ఫిజియోథెరపీ ఆయన చెప్పిన వ్యాయామాలు చేశాడు, గొణుక్కుంటూనే. ఏడాదికి మూడు నాలుగు సూదులు దాటనివ్వరు కాబట్టి ఏ తేదీన, ఏ మందు, ఎంత పడిందో రాసిన చీటీ అడిగి తెచ్చుకున్నాం. దాన్ని మామ పట్టాదారు పాసుపుస్తకం కవర్లో పెట్టాడు, ఇంట్లో పోని కాగితం అదొక్కటే కాబట్టి.