నాలుగు కథలను ఒకే సినిమాగా కట్టడం ఎలా?

ఆంథాలజీ సినిమా రాసేవారు చాలామంది విడివిడిగా రాసుకున్న నాలుగు కథలకూ నెల్లూరనో ఒంగోలనో ఒకే ఊరి పేరు పెట్టి, అవి కలిసిపోయాయని అనుకుంటారు. ఊరు ఒకటైనంత మాత్రాన కథలు కలవవు. ఒక కథలో జరిగినది మరో కథలోని మనిషి బతుకును మార్చినప్పుడే లంకె కుదురుతుంది. 2010 నాటి ‘వేదం’లో అయిదుగురి కథలు ఒక ఆసుపత్రిలో కలుస్తాయి, 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నాలుగు ప్రేమకథలూ ఒకే మనిషివని చివర్లో తెలుస్తుంది. మొదటిది చోటుతో వేసిన ముడి, రెండోది మనిషితో వేసినది. వస్తువుతో ముడి వేయదలిస్తే మాత్రం, మన ప్రాంతంలో రొట్టెల పండుగను మించిన ఆధారం నాకు కనిపించదు.

మొహర్రం సమయంలో నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవారు అందుకుని తింటారు. తీరితే మరుసటి ఏడాది తామే రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని పేర్లున్నాయి కనుక పాత్రకు ఏం కావాలో సంభాషణ రాసే పని కూడా తప్పుతుంది.

ఉదాహరణకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని పోయిన కుర్రవాడి తల్లి ఉద్యోగ రొట్టె అడుగుతుంది. ఇచ్చే యువకుడు ఇప్పుడు చేస్తున్నది ఆమె కొడుకు పోగొట్టుకున్న ఉద్యోగమే. మొదటి కథ చూసిన ప్రేక్షకుడికి ఆ సంగతి తెలుసు. నీళ్లలో ఉన్న ఆ ఇద్దరికీ తెలియదు. ఇక్కడ ఒక్క మాట కూడా పలికించవద్దు. ఆమె చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, మిగిలినది కొడుకు కోసం కొంగున ముడి వేసుకుంటే చాలు, రెండో కథ అక్కడే మొదలవుతుంది.

రాత పూర్తయ్యాక, లంకెను తీసివేసి ప్రతి కథనూ విడిగా చదవాలి. దానికంటూ ముగింపు లేకపోతే తిరిగి రాయాలి. తరువాత ఒక్కో కథను మొత్తంగా తొలగించి చూడాలి. మిగిలినవాటికి ఏ లోటూ రాకపోతే, అది ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయాలి. నిడివి సమానంగా పంచనక్కరలేదు: ఒకటి 40 నిమిషాలు నడిచి, మరొకటి 15 నిమిషాల్లో ముగిసినా తప్పు లేదు.

పండుగ ఏడాదికి ఒక్కసారే వస్తుంది కనుక, చెరువులో జరిగే అన్ని కథల సన్నివేశాలనూ పోలీసుల, దర్గా నిర్వాహకుల అనుమతితో ఆ రోజుల్లోనే తీయాలి. అందుకు స్క్రిప్టు అంతకుముందే ఖరారు కావాలి. ఇస్లామిక్ చాంద్రమానం ప్రకారం మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది; షూటింగు ఏళ్ల తరబడి సాగితే కథలో కనిపించే రుతువు మారిపోతుంది. ప్రతి షాట్ తరువాత చీర ఎంతవరకు తడిసిందో, రొట్టె ఎంత మిగిలిందో ఫొటో తీసి ఉంచుకుంటే, ఇంటి సన్నివేశం నెలల తరువాత తీసినా తేడా రాదు.