నవల ఒప్పుకున్నాక అచ్చయ్యేదాకా: నెలలు ఎక్కడ పోతాయి

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరి గల్లీలో పదిహేనేళ్లుగా నాది డీటీపీ సెంటర్. పెళ్లిపత్రికలు, బిల్‌బుక్కులు, అప్పుడప్పుడు ఎవరిదో కవితా సంపుటి. పుస్తకం పని నాకు తెలుసనుకున్నాను. బత్తాయి తోటలు ఎండిపోవడం మీద నేను రాసిన నవలను 2022 ఆగస్టులో హైదరాబాద్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ "వేస్తామమ్మా" అన్నది. పుస్తకం చేతికొచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ పద్దెనిమిది నెలల్లో ప్రెస్‌లో మిషన్ మీద ఉన్నది పన్నెండు రోజులు.

మొదటి ఏడు నెలలు నా వంతు రావడానికే పోయాయి. చిన్న సంస్థ అంటే చాలాచోట్ల ఒకరో ఇద్దరో మనుషులు, పగలు వేరే ఉద్యోగం. ఒక పుస్తకం అమ్మితే వచ్చిన డబ్బుతోనే ఇంకోదానికి కాగితం కొంటారు. "ఎప్పుడు వేస్తారు సార్" అంటే "తొందర్లోనే" అంటారు. అట్ల అడగకండి. నాకంటే ముందు ఎన్ని పుస్తకాలున్నాయి, ఏ నెలలో డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చడానికి, ఇస్తారు అని అడగండి. ఎన్ని కాపీలు వేస్తారు, ఖర్చు ఎవరిది, ఫలానా తేదీలోపు రాకపోతే నవల నాకు తిరిగి వస్తుందా అన్నవి మెయిల్‌లో రాయించుకోండి. నాది ఫోన్ మాటే.

తర్వాత నాలుగు నెలలు ముందుమాట తిన్నది. ఒక పెద్దాయన రాస్తానన్నారు. వారానికోసారి ఫోన్ చేయడానికి నాకు మొహమాటం, ఆయనకు కంటి ఆపరేషన్. పుస్తకం అంతా సిద్ధమై ఆ రెండు పేజీల కోసం ఆగింది. ముందుమాట కావాలంటే ఆమోదం వచ్చిన వారంలోనే అడగండి, తేదీ చెప్పండి, ఆ తేదీ దాటితే అది లేకుండానే కానివ్వండి. కొనేవాళ్లు దాన్ని చూసి కొంటారని నేననుకోను.

ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడం, మాత్రం తొందరపడే చోటు కాదు. ఫోన్లో, కంప్యూటర్లో మనం మామూలుగా వాడే యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైల్‌ను, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కోసం అను అనే పాత తరహా ఫాంట్లలోకి మారుస్తారు. అప్పుడు "బస్‌లో" కాస్తా "బస్లో" అవుతుంది. ఇట్లాంటివి వందల్లో ఉంటాయి. దీనికితోడు ప్రూఫ్ చూసినాయన నా పాత్రల "ఇగ"లన్నీ "ఇక"లు చేశారు, "గట్లనే"ను "అలాగే" చేశారు. మళ్లీ వెనక్కి మార్చడానికి మూడు రోజులు కూర్చున్నాను. మన యాస మాటల పట్టిక ఒకటి ఫైల్‌తోపాటే పంపండి, వీటిని ముట్టుకోవద్దని. కాగితం మీద ప్రింట్ తీసి రెండుసార్లు చదవండి. స్క్రీన్ మీద మీ కళ్లు మిమ్మల్నే మోసం చేస్తాయి.

పేజీలు ఖాయమయ్యేదాకా కవర్ పూర్తి కాదు, ఎందుకంటే వెన్ను మందం తెలియదు. పదహారు పేజీలు ఒక ఫారం. నాది 208, అంటే పదమూడు ఫారాలు. చివర్లో ఒక అధ్యాయం పెంచితే లెక్క, కవర్, ధర అన్నీ కదులుతాయి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితమే. సంస్థ దగ్గర నంబర్లు ఉన్నాయో లేదో ముందే అడగండి. లేకపోతే దరఖాస్తు చేసి ఎదురుచూడాలి.

ఇక ప్రెస్‌కు కూడా సీజన్లుంటాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిపత్రికలవి. బడులు తెరిచే ముందు నోటుబుక్కులు, ఏడాది చివర డైరీలు, క్యాలెండర్లు. నా పుస్తకం వెళ్లిన అక్టోబరులో ఎన్నికల కరపత్రాలు. 2023 నవంబరు 30న పోలింగ్ అయ్యేదాకా మిషన్ ఖాళీ లేదు. "నవల ఎక్కడికి పోతుంది అక్కా" అన్నాడు మా బైండింగ్ పిల్లగాడు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఫైల్ అందేలా చూసుకుంటే మంచిది.

బుక్ ఫెయిర్‌కు తేవాలనుకుంటే అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి: ప్రెస్‌కు నెల, కవర్‌కు పక్షం, ప్రూఫ్‌కు రెండు నెలలు. హైదరాబాద్ ఫెయిర్ ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది, అంటే ఆగస్టు చివరికి డీటీపీ అయిపోవాలి. ఆ ఏడాది ఫెయిర్ ఫిబ్రవరిలో జరగబట్టి నా పుస్తకం అందుకుంది.

నా కాపీలు ఆర్టీసీ కార్గోలో నల్లగొండ బస్టాండుకు వచ్చాయి. అక్కడే కట్ట విప్పి చూశాను. నలభై మూడో పేజీలో "బస్లో" అట్లనే ఉంది.