పాత బ్రిటిష్ డబ్బుతో బజారు లెక్కలు – 3వ పాఠం: కౌంటరు ముందు నోటి లెక్క

పోయిన పాఠంలో 4/9, 5/- ఎలా చదవాలో, 3 గినీలు ఎంతో అడిగాను. ముందు ఆ జవాబులు చూసుకోండి. 4/9 అంటే 4 షిల్లింగుల 9 పెన్నీలు. 5/- అంటే 5 షిల్లింగులు, పైన పెన్నీలేమీ లేవు. గినీ అనే పాత నాణేనికి 21 షిల్లింగులు, పౌండుకు 20. కాబట్టి 3 గినీలంటే 63 షిల్లింగులు, అంటే 3 పౌండ్ల 3 షిల్లింగులు. ఈ చివరిది తప్పినవాళ్లు రెండో పాఠం ఇంకోసారి తిరగేయండి. గినీ నాణెం కొట్టడం 1814తోనే ఆగిపోయినా, పెద్ద ఫీజులూ ఖరీదైన వస్తువుల ధరలూ గినీల్లో చెప్పడం మాత్రం ఆగలేదు. పాత నవలల్లో అది తగులుతూనే ఉంటుంది.

ఇవాళ కొట్టుకెళ్దాం. 1950ల నడిమిలో ఇంగ్లండులో ఒక వీధి చివర కిరాణా కొట్టు. సెల్ఫ్ సర్వీస్ అక్కడక్కడా మొదలైంది గానీ, చాలా చోట్ల కౌంటరుకు అటు కొట్టతను, ఇటు అమ్మ రాసిచ్చిన చీటీతో పిల్లాడో పిల్లో. 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జులైలో మాంసంతో పూర్తిగా ముగిసింది. క్యాలిక్యులేటర్ లేదు. చిల్లర తక్కువొస్తే ఇంట్లో చీవాట్లు. కాబట్టి ఆ పిల్లలకు నోటి లెక్క తప్పనిసరి.

పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే మొదటి పని దీన్ని ఇప్పటి వంద పెన్నీల పౌండులోకి మార్చుకోవడం. అది చెయ్యకండి, తల తిరిగిపోతుంది. 1971 ఫిబ్రవరి 15న వందల లెక్క వచ్చేదాకా అక్కడివాళ్లెవరూ అలా ఆలోచించలేదు. మన పెద్దవాళ్లకైతే ఇందులో వింతేమీ లేదు. 1957 ఏప్రిల్ దాకా మన రూపాయికీ 16 అణాలు, అణాకు 12 పైలు.

ముందు ఒక చిన్న ఎక్కం కంఠతా పట్టండి. అక్కడి పిల్లల నోటుపుస్తకాల వెనక అట్ట మీద ఇది అచ్చయి ఉండేది: 20 పెన్నీలు 1/8, 30 పెన్నీలు 2/6, 40 పెన్నీలు 3/4, 50 పెన్నీలు 4/2, 60 పెన్నీలు 5/-, 100 పెన్నీలు 8/4. రెండు రోజులు బయటికి చదివితే చాలు, నోటికి వచ్చేస్తుంది.

ఇక డజను కిటుకు. నాకు ఈ డబ్బులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒకటి ఎన్ని పెన్నీలో, డజను అన్ని షిల్లింగులు. గుడ్డు 4 పెన్నీలైతే డజను 4 షిల్లింగులు. అంతే, గుణించే పనే లేదు. పైన అరపెన్నీ ఉంటే డజనుకు 6 పెన్నీలు కలపండి, పావు పెన్నీ ఉంటే 3 పెన్నీలు. అంటే గుడ్డు 4¼ పెన్నీలైతే డజను 4/3. ఆ పావు పెన్నీ నాణెమే ఫార్తింగ్. అది 1960 చివరిదాకా చెల్లింది.

ఇప్పుడు చీటీ చూద్దాం. (డబ్బును పౌండు అని, తూకాన్ని పౌను అని రాస్తున్నాను. పౌను తూకానికి 16 ఔన్సులు. ధరలు లెక్క కోసం నేను వేసినవి.)

చక్కెర 2 పౌన్లు, పౌను 7½ పెన్నీలు: 1/3
గుడ్లు అరడజను, ఒక్కోటి 4 పెన్నీలు: 2/-
వెన్న అర పౌను, పౌను 3/6: 1/9
టీ పొడి పావు పౌను: 1/8
బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) 6 ఔన్సులు, పౌను 3/4: ?

బేకన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. పదహారుతో భాగించి ఆరుతో గుణించాలని చూస్తారు. కొట్టతను అలా చెయ్యడు. 6 ఔన్సులంటే ఒక పావు పౌను, దాని మీద ఇంకో సగం పావు. 3/4 అంటే 40 పెన్నీలని ఎక్కంలో చదివాం. పావు పౌను 10 పెన్నీలు, అందులో సగం 5. మొత్తం 15 పెన్నీలు, అంటే 1/3. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం అంటూ దిగడం అలవాటు చేసుకోండి. ఈ తూకమూ ఈ డబ్బూ దానికి బాగా లొంగుతాయి.

కూడేటప్పుడు కుడివైపు నుంచి రండి. పెన్నీలు 3, 9, 8, 3 కలిస్తే 23. అంటే 1 షిల్లింగు 11 పెన్నీలు. 11 రాసి 1 పక్కకు తీసుకోండి. షిల్లింగులు 1, 2, 1, 1, 1 కలిపి 6, తెచ్చుకున్న 1తో 7. మొత్తం 7/11. దీన్ని "సెవెన్ అండ్ లెవెన్" అనేవాళ్లు. షిల్లింగు, పెన్నీ అనే మాటలే పలికేవాళ్లు కాదు.

అమ్మ 10 షిల్లింగుల నోటు ఇచ్చి పంపింది. కొట్టతను తీసివేత చెయ్యడు, బిల్లు నుంచి పైకి ఎక్కుతాడు. చేతిలో ఒక పెన్నీ పెట్టి "ఎనిమిది", ఆ పైన 2 షిల్లింగుల ఫ్లోరిన్ నాణెం పెట్టి "పది" అంటాడు. చిల్లర 2/1 వచ్చేసింది, లెక్క కూడా పిల్లాడి కళ్ల ముందే సరిపోయింది.

బట్టల కొట్లలో ధరలు ఇంకాస్త చిలిపిగా ఉండేవి. 2 షిల్లింగులని రాయకుండా 1/11¾ అని రాసేవాళ్లు. మన చెప్పుల కొట్లలో 999 చూసినవాళ్లకు వేరే చెప్పాలా! తిరిగివ్వాల్సిన ఫార్తింగుకు బదులు కాగితానికి గుచ్చిన గుండుసూదులు చేతిలో పెట్టే కొట్లూ ఉండేవి. పెద్ద కొట్లలో అయితే గుమస్తా డబ్బునూ బిల్లునూ ఒక చిన్న డబ్బాలో పెట్టి హ్యాండిల్ లాగితే, అది తల మీది తీగ వెంట జుయ్యిమని క్యాషియర్ దగ్గరికి పోయి చిల్లరతో తిరిగొచ్చేది. పిల్లలు దానికోసమే అమ్మ వెంటపడి వెళ్లేవాళ్లు.

సహకార సంఘం వాళ్ల కోఆప్ కొట్టులో డబ్బుతోపాటు ఇంటి సభ్యత్వ నంబరు కూడా చెప్పాలి. కొన్నదాన్ని బట్టి డివిడెండ్ ఆ నంబరుకే జమయ్యేది. వాళ్లు ముద్దుగా 'డివి' అనేవాళ్లు. మీలో బ్రిటన్ ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో పనిచేసేవాళ్లుంటే, ఎనభై దాటిన పెద్దావిడ ఎవరినైనా వాళ్లమ్మగారి డివి నంబరు అడిగి చూడండి. టక్కున చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు.

ఈ వారం అభ్యాసం, కాగితం లేకుండా:

1. ఒక్కో బన్ను 2½ పెన్నీలు. డజనున్నర ఎంత?
2. చీజ్ పౌను 2/8. 12 ఔన్సులు ఎంత?
3. ఒక పౌండును ముగ్గురు సమంగా పంచుకుంటే తలా ఎంత? (ఇప్పటి పౌండుతో ఇదే ప్రయత్నించి, ఎక్కడ మిగులుతుందో చూడండి.)
4. 1/7 బిల్లుకు 2/6 విలువైన హాఫ్ క్రౌన్ నాణెం ఇచ్చారు. కొట్టతనిలా పైకి ఎక్కుతూ చిల్లర ఇవ్వండి.
5. చేతిలో 6 పెన్నీలున్నాయి. గాజు సీసాలోని మిఠాయి పౌను 2/-. అది 2 ఔన్సులు కొని, మిగిలిన డబ్బుతో పెన్నీకి నాలుగు చొప్పున బ్లాక్ జాక్ చూయింగ్ మిఠాయిలు కొంటే ఎన్ని వస్తాయి?

వచ్చే పాఠం తూకాలు. ఔన్సు నుంచి బొగ్గు బస్తా దాకా వెళ్దాం. ఇంట్లో ఔన్సు రాయి లేకపోతే మూడు పెన్నీలు త్రాసులో వేసి ఎలా తూచేవాళ్లో కూడా అందులోనే.