నొప్పులు రాకముందే ఇవి చూసుకోండి
డాక్టర్ చెప్పిన కాన్పు డేట్ దాటి రెండు రోజులైతే చాలు, ‘ఇంకా కాలేదా’ అని ఫోన్ల మీద ఫోన్లు, దాంతో టెన్షన్. ఆ డేట్ అంచనా మాత్రమే, మామూలుగా 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా కాన్పు రావచ్చు.

తొందరపడి ఆముదం తాగకండమ్మా, వాంతులు, విరేచనాలై అసలు నొప్పులప్పుడు శక్తి ఉండదు.

బిడ్డ కదలికలు రోజూ గమనించండి. తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా, అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి.

ఏటూరునాగారం, ములుగు వైపు నుంచి వరంగల్ రావాల్సినవాళ్లు బండి ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి, దూరం తక్కువేం కాదు. 108 ఉంది, ఆశా అక్క నంబర్ కూడా ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

సంచిలో స్కాన్ రిపోర్టులు, ఆధార్, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీరలు, ఛార్జర్.