స్టెరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు జన్యువుల సంగతి కాస్త తెలుసుకోండి

మా అమ్మ కీళ్లవాతానికి ఏడు నెలలు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల వాడింది. నొప్పులు తగ్గాయి కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది. పక్కింటావిడ "స్టెరాయిడా? కిడ్నీలు పోతాయి వదినా" అన్న మర్నాడే అమ్మ మాకెవరికీ చెప్పకుండా బిళ్లలు ఆపేసింది. నాలుగో రోజు పొద్దున మంచం దిగి నిలబడబోయి అలాగే కూలబడిపోయింది, బీపీ చూస్తే పైది 80 కూడా లేదు. ఆసుపత్రిలో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశాక కొన్ని గంటలకు తేరుకుంది. మందు రాసినప్పుడే "దీన్ని ఒక్కసారిగా ఆపకూడదమ్మా" అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఎవరూ చెప్పలేదు, అందుకే నేను రాస్తున్నాను.

ముందు స్ట్రిప్ తిప్పి మందు పేరు చదవండి. ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డెఫ్లజాకార్ట్, ఇన్హేలర్లలో వచ్చే బ్యుడెసొనైడ్, ఇవన్నీ ఒకే కుటుంబం. జిమ్‌లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరు, వాటితో దీన్ని కలపకండి. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి, ఈ మందులు దాని పనే చేస్తాయి. మిల్లీగ్రాముల అంకె చూసి మోసపోవద్దు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఎంతో 0.75 డెక్సామెథసోన్ అంత, 4 మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అంత, 6 డెఫ్లజాకార్ట్ అంత. అంకె చిన్నది కదా అని డెక్సా బిళ్ల తేలిక మందు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. బిళ్ల కరిగి రక్తంలోంచి కణంలోకి చేరగానే అక్కడ దాన్ని పట్టుకోవడానికే ఉన్న రిసెప్టర్ అనే ఒక ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అప్పటిదాకా కొన్ని సహాయక ప్రొటీన్ల పట్టులో ఊరికే పడి ఉన్న ఆ రిసెప్టర్ లేచి, కణం మధ్యలో డీఎన్ఏ ఉన్న కేంద్రకంలోకి వెళ్తుంది. డీఎన్ఏ అంతా ఏ, జీ, సీ, టీ అనే నాలుగు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. అక్కడ ఏజీఏఏసీఏ, మధ్యలో ఏవో మూడు అక్షరాలు, తర్వాత టీజీటీటీసీటీ, ఇలా ఉండే 15 అక్షరాల చోటు వెతుక్కుని ఇంకో రిసెప్టర్‌తో జంటగా కూర్చుంటుంది. మన వికటకవి ఎటు నుంచి చదివినా ఒకటే కదా, ఇది కూడా అలాంటిదే, కాకపోతే వెనక నుంచి చదివేది డీఎన్ఏ ఎదుటి పోగు మీద. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. అలా కూర్చున్నాక గిల్జ్, డీయూఎస్‌పీ1 లాంటి వాపును అణిచే జన్యువులు గట్టిగా పనిచేయడం మొదలుపెడతాయి. ఇంకోపక్క ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు పుట్టించే జన్యువులను ఈ రిసెప్టర్ మూయిస్తుంది. ఆ పనికి హెచ్‌డాక్2 అనే ఎంజైమ్‌ను తోడు తెచ్చుకుంటుంది, అది విప్పి ఉన్న డీఎన్ఏ చుట్టను మళ్లీ బిగిస్తుంది, బిగిసిన చోట జన్యువును చదవడం కుదరదు. సిగరెట్ పొగ సరిగ్గా ఈ హెచ్‌డాక్2నే దెబ్బతీస్తుంది. ఆస్తమా ఉండి బీడీ, సిగరెట్ మానని మనిషికి ఇన్హేలర్ సరిగా పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. మందు మార్చమని అడిగే ముందు పొగ మానండి.

ఇదంతా జరగడానికి టైం పడుతుంది. జన్యువును చదవాలి, దాన్నిబట్టి ప్రొటీన్ తయారవ్వాలి, అంటే గంటల పని. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు స్టెరాయిడ్ బిళ్ల వేసుకుని పది నిమిషాలకే "ఇంకా తగ్గలేదేంటి" అని టెన్షన్ పడి ఇంకోటి మింగకండి. అప్పటికప్పుడు ఊపిరి గొట్టాలు తెరిచేది సాల్బ్యుటమాల్ ఇన్హేలర్, దాన్ని వాడండి, తగ్గకపోతే ఆసుపత్రికి బయల్దేరండి. స్టెరాయిడ్ ఇన్హేలర్ మాత్రం డాక్టర్ చెప్పినట్టు ఆయాసం లేని రోజు కూడా పీల్చాలి. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.

మొదలవడానికి టైం పట్టినట్టే తగ్గడానికీ పడుతుంది. ప్రెడ్నిసొలోన్ రక్తంలోంచి కొన్ని గంటల్లో తగ్గిపోయినా దాని పని 12 నుంచి 36 గంటలు నడుస్తుంది. అందుకే రోజుకొక్కసారి అని రాస్తే పొద్దున 8 గంటల ప్రాంతంలో టిఫిన్ తిన్నాక వేసుకోండి. మన సొంత కార్టిసాల్ ఎక్కువగా ఉండేది కూడా పొద్దునే. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, అమ్మ మొదటి వారమంతా రెండింటి దాకా సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకుంది.

షుగర్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కాలేయంలో పీసీకే1 లాంటి గ్లూకోజ్ తయారుచేయించే జన్యువులను కూడా ఈ మందు లేపుతుంది. పొద్దున వేసుకున్న బిళ్ల ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. అమ్మకు పరగడుపున 98 ఉండేది, మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఒకరోజు పప్పన్నం తిని కాసేపు పడుకుని లేచాక, సాయంత్రం ఐదింటికి గ్లూకోమీటర్‌తో చూస్తే 261. కాబట్టి పరగడుపు టెస్ట్ ఒక్కటే నమ్ముకోకండి, మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు చూడండి.

ఇక ఆపడం. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో పీఓఎంసీ అనే జన్యువు మూతపడుతుంది. అడ్రినల్ గ్రంథులకు "కార్టిసాల్ చెయ్యి" అని సందేశం పంపేది ఆ జన్యువే. సందేశం రాక, పని లేక ఆ గ్రంథులు చిక్కిపోతాయి. మూడు వారాలు దాటి వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే లోపల కార్టిసాల్ ఉండదు, బయటి నుంచీ రాదు. మా అమ్మకు జరిగింది ఇదే. ఆస్తమాకు ఇచ్చే ఐదారు రోజుల కోర్సుకు సాధారణంగా ఈ బెడద ఉండదు. ఎక్కువకాలం వాడితే మాత్రం ఎంతెంత తగ్గించాలో, ఏ తేదీన తగ్గించాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. మేం క్యాలెండర్ మీద ప్రతి తేదీ కింద ఎన్ని మిల్లీగ్రాములో పెన్సిల్‌తో రాసి, వేసుకోగానే కొట్టేసేవాళ్లం. తగ్గిస్తున్నప్పుడు విపరీతమైన నీరసం, వాంతులు, లేస్తే కళ్లు తిరగడం కనిపిస్తే ఓర్చుకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి.

తొడ కండరాల్లో ప్రొటీన్‌ను విరగ్గొట్టే జన్యువులు కూడా పెరుగుతాయి కాబట్టి వారానికొకసారి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి చూసుకోండి, కష్టమైతే డాక్టర్‌కు చెప్పండి. మూడు నెలలు దాటేట్టుంటే ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి, స్కాన్ గురించి మీరే అడగండి. కళ్లు కూడా చూపించుకోండి. చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ జన్యువులను ఇది అణుస్తుంది, అందుకే తెల్లబడటానికని మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు ముఖానికి రాయకండి, చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి. తామరకు రాస్తే దురద తగ్గి మచ్చ మాత్రం పాకుతుంది.

అవసరం లేని చోట స్టెరాయిడ్ ఎందుకు వాడకూడదో కోవిడ్‌లో చూశాం. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద చేసిన రికవరీ అనే మందుల పరీక్షలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ చేయలేదు. వాపును అణిచినట్టే వైరస్‌తో పోరాడే జన్యువులనూ అణుస్తుంది మరి. అయినా మన దగ్గర మామూలు జ్వరానికీ మింగారు, 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా రావడంలో షుగర్‌తో పాటు ఈ వాడకానికీ భాగం ఉంది.

స్టెరాయిడ్ వాడుతుంటే ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి తెలియకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, మీకు ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే, టీకా వేయించుకోబోతుంటే ముందే డాక్టర్‌కు చెప్పండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, ఆపరేషన్‌కు వెళ్లినా "నేను స్టెరాయిడ్ వాడుతున్నాను" అన్నదే మొదటి మాట కావాలి. గట్టి జ్వరం వచ్చిన రోజు డోసు పెంచాలా, వాంతైపోతే ఏం చేయాలి అన్నవి ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. అమ్మ పర్సులో ఇప్పుడు ఆధార్ కార్డు వెనక ఒక మడత కాగితం ఉంటుంది, దాని మీద మందు పేరు, డోసు, ఎప్పటి నుంచి వాడుతోందో, కింద నా ఫోన్ నంబర్.