చిన్న దేశపు మిడ్‌ఫీల్డర్ కెరీర్‌ను అంచనా వేయడం ఎలా?

ఫుట్‌బాల్ ఆటగాడి స్థాయిని ప్రపంచకప్పు మ్యాచ్‌లతో కొలిచే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ కొలతతో ఆర్మేనియాకు చెందిన హెన్రిఖ్ మిఖితార్యాన్‌ను చూస్తే లెక్క సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే సుమారు 30 లక్షల జనాభా గల ఆ దేశం ఇంతవరకు ప్రపంచకప్పుకు గానీ యూరో కప్పుకు గానీ అర్హత సాధించలేదు. అందువల్ల ఇటువంటి ఆటగాడి గురించి రాయదలచినవారు ప్రపంచకప్పు గడిని మొదటే తొలగించి, అతడు ఎక్కడ బయలుదేరి ఏయే మెట్లు ఎక్కాడో పట్టికగా వేసుకోవాలి.

పట్టికలో బాల్యానికీ చోటివ్వాలి. 1989లో యెరెవాన్‌లో పుట్టిన మిఖితార్యాన్, తండ్రి హామ్లెట్ ఫ్రాన్స్‌లోని వాలెన్స్ క్లబ్బుకు ఆడినందువల్ల చిన్నతనం అక్కడే గడిపాడు. 1996లో మెదడులో కణితితో తండ్రి మరణించేనాటికి అతనికి ఏడేళ్లు. తర్వాత బ్రెజిల్‌లోని సావో పాలో క్లబ్బులో కొన్ని నెలలు శిక్షణ పొందాడు. ఇలా చిన్న వయసులోనే ఫ్రెంచి, పోర్చుగీసు భాషలు వచ్చాయి. మైదానం మధ్యలో నిలబడి అందరితో మాట్లాడవలసినవాడికి ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ఇక ప్రతి బదిలీ వద్దా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: కొత్త లీగ్ పాతదానికన్నా బలమైనదా, అక్కడ అతనికి నిలకడగా ఆడే అవకాశం దొరికిందా? మిఖితార్యాన్ ఆర్మేనియా క్లబ్బు ప్యూనిక్ నుంచి నేరుగా జర్మనీకి వెళ్లలేదు. ఉక్రెయిన్ క్లబ్బులైన మెటలుర్గ్ దొనెత్స్క్‌లో 2009లో, షాఖ్తార్‌లో 2010లో చేరాడు. 2012–13 ఉక్రెయిన్ లీగ్‌లో 25 గోల్స్ చేసిన తర్వాతే జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు మారాడు. అక్కడ యుర్గెన్ క్లాప్ శిక్షణలో రెండో సీజన్ నిరాశపరచగా, థామస్ టుచెల్ వచ్చిన 2015–16లో జర్మనీ లీగ్ అయిన బుండెస్‌లీగాలో 11 గోల్స్ చేసి, 15 గోల్స్‌కు సహకరించాడు. ఆటగాడు అతడే, క్లబ్బూ అదే. కాబట్టి ప్రతి సీజన్ పక్కన శిక్షకుడి పేరు తప్పక రాసుకోవాలి.

అంచనాలు ఎక్కువగా తప్పేది ఆటగాడి పాత్ర మారినప్పుడు. షాఖ్తార్‌లో అతడు స్ట్రైకర్ వెనుక ఆడుతూ గోల్స్ చేసేవాడు. 2022లో ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్‌లో చేరాక ముగ్గురు మిడ్‌ఫీల్డర్లలో ఎడమవైపు నిలిచాడు. డిఫెండర్ బస్తోని ముందుకు పరుగెత్తినప్పుడు ఖాళీ అయిన చోటును కాయడం, బంతిని అందుకుని ముందుకు చేరవేయడం అతని పనిలో ప్రధాన భాగమయ్యాయి. గోల్స్ సంఖ్యను మాత్రమే చూసేవారికి ఇది పతనంలా కనిపిస్తుంది. కానీ ఆ కాలంలోనే ఇంటర్ 2024లో ఇటలీ లీగ్ గెలిచింది, 2023లోను 2025లోను యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. 2023 సెమీఫైనల్ తొలి అంచెలో ఏసీ మిలాన్‌పై రెండో గోల్ చేసినది అతడే. అందుచేత వేర్వేరు పాత్రలలో చేసిన గోల్స్‌ను ఒకే వరుసలో పెట్టి పోల్చకూడదు.

జాతీయ జట్టు లెక్కను విడిగా వేయాలి. 2022లో వీడ్కోలు పలికేనాటికి అతడు ఆర్మేనియా తరఫున 95 మ్యాచ్‌లలో 32 గోల్స్ చేశాడు. తరచూ తమకన్నా బలమైన జట్లను ఎదుర్కొనే దేశంలో, దాడిని నిర్మించే పనీ ముగించే పనీ ఒకే మనిషిపై పడినప్పుడు వచ్చిన సంఖ్య అది.

చివరగా, ఆడని మ్యాచ్‌లకు కారణం వెతకాలి. యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ 2019 ఫైనల్ అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగింది. ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య శత్రుత్వం కారణంగా భద్రతపై ఆందోళనతో ఆ ఫైనల్ ఆడిన ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌లో అప్పట్లో ఉన్న మిఖితార్యాన్ అక్కడికి వెళ్లలేదు. ఇటువంటి చోట గడిని ఖాళీగా వదలకుండా, గాయం అని ఊహించకుండా, కారణాన్ని ఉన్నదున్నట్టు రాయాలి.