బయోఇన్ఫర్మేటిక్స్ జర్నల్‌కు పేపర్ పంపడం ఎలా? బరంపురం, కొరాపుట్ వైపు విద్యార్థులకు దరఖాస్తు విధానం

బయోఇన్ఫర్మేటిక్స్ అంటే జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం. ఆ రంగంలోని జర్నల్ పోర్టల్ తెరిస్తే, అది అడిగేవాటిలో సగం మీ పేపర్‌లో ఉండవు. డేటా ఎక్కడ డిపాజిట్ చేశారు, ఆ డేటాకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య (అక్సెషన్ నంబర్) ఎంత, కోడ్ ఏ లైసెన్స్ కింద ఇచ్చారు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ప్రచురణ ఖర్చు ఎవరు కడతారు? బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్‌లలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ విధానం పోర్టల్ దగ్గర కాదు, దానికి రెండు మూడు నెలల ముందు మొదలవుతుంది.

ముందు జర్నల్ సంగతి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారి ‘బయోఇన్ఫర్మేటిక్స్’ 1985లో ‘కాబియోస్’ పేరుతో మొదలై 1998లో ఈ పేరుకు మారింది. 2023 నుంచి అది పూర్తిగా ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవొచ్చు). కొత్త పద్ధతి కనిపెడితే అందులో ఒరిజినల్ పేపర్‌గా, పదిమందికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాస్తే అప్లికేషన్ నోట్‌గా పంపుతారు. ‘బీఎంసీ బయోఇన్ఫర్మేటిక్స్’ 2000 నుంచీ ఓపెన్ యాక్సెస్సే. వెబ్ సర్వర్ తయారుచేసిన వాళ్లకు ‘న్యూక్లియిక్ యాసిడ్స్ రీసెర్చ్’ ఏటా జూలైలో ప్రత్యేక సంచిక వేస్తుంది. దానికి నేరుగా పేపర్ పంపకూడదు. ముందు ప్రతిపాదన పంపి, వాళ్లు సరేనన్నాకే రాయాలి. మీ సర్వర్ కూడా లాగిన్ అడగకుండా ఎవరికైనా తెరుచుకోవాలి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఎవరో పెట్టిన డేటాసెట్ డౌన్‌లోడ్ చేసి, ఉన్న టూల్స్‌తోనే నడిపి, చివర్లో పది హబ్ జీన్స్ (మిగతా జీన్లతో ఎక్కువ సంబంధాలున్న జీన్లు) పట్టిక పెడితే పద్ధతుల జర్నల్ రివ్యూకి కూడా పంపదు. అలాంటి పనిని ఆ పంటకో ఆ వ్యాధికో సంబంధించిన జర్నల్‌కు పంపడం మేలు.

ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాడికి ఉచితం, రాసినవాడికి బిల్లు. ఆ బిల్లు లక్ష రూపాయలు దాటడం మామూలే. పేద దేశాలకిచ్చే పూర్తి మినహాయింపు జాబితాల్లో మన దేశం సాధారణంగా ఉండదు. రాయితీ అడగాలంటే పేపర్ పంపేటప్పుడే అడగాలి. యాక్సెప్ట్ అయ్యాక వినే నాథుడు ఉండడు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ప్రధానంగా జర్నళ్లు చదవడానికి. ప్రచురణ ఖర్చుకు ఏమైనా సాయం దొరుకుతుందేమో మీ లైబ్రేరియన్‌ను అడిగి చూడండి. ఏ సాయమూ లేకపోతే సబ్‌స్క్రిప్షన్ దారి ఉన్న హైబ్రిడ్ జర్నల్ చూసుకోండి. అక్కడ ఆ దారి ఎంచుకుంటే సాధారణంగా ప్రచురణ రుసుము ఉండదు.

‘వారంలో యాక్సెప్టెన్స్’ అంటూ మెయిల్ పెట్టే జర్నళ్ల జోలికి పోవద్దు. అంత తొందర అవసరమూ లేదు. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. నమ్మదగిన జర్నళ్ల పేర్లతో యూజీసీ ఇచ్చే ‘కేర్’ జాబితా కూడా 2025లో ఆగిపోయింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో మాత్రం ఆఫీసులో కనుక్కోండి.

డేటా డిపాజిట్

కొరాపుట్ కాలాజీర బియ్యానికి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అలాంటి దేశవాళీ వరి మీద సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడం) చేశారనుకుందాం. రా డేటాను అమెరికాలోని ఎన్‌సీబీఐ, ఐరోపాలోని ఈఎన్‌ఏ, జపాన్‌లోని డీడీబీజే — ఈ మూడు జన్యు డేటా భాండాగారాల్లో ఒకదానికి ఇస్తే చాలు, అవి తమలో తాము పంచుకుంటాయి. మన దేశంలో ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ 2022 నుంచి పనిచేస్తోంది. ఎన్‌సీబీఐలో అయితే ముందు బయోప్రాజెక్ట్ (మొత్తం పని వివరం), తర్వాత ప్రతి నమూనాకూ బయోశాంపిల్ (ఆ నమూనా వివరం) నమోదు చేయాలి, ఆపైన ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (రా సీక్వెన్స్ డేటా) ఎక్కించాలి. పెద్ద ఫైళ్లను బ్రౌజర్‌లో ఎక్కించాలని కూర్చోకండి, మధ్యలో నెట్ పోతే పని మొదటికొస్తుంది. పెద్ద ఫైళ్లు పంపే పద్ధతులైన ఎఫ్‌టీపీ గానీ ఆస్పెరా గానీ వాడండి. పేపర్ వచ్చేదాకా డేటా బయటపడకుండా విడుదల తేదీని కొన్ని నెలల తర్వాతకు పెట్టుకోవచ్చు, రివ్యూయర్ల కోసం విడిగా లింక్ తీసుకోవచ్చు.

వరి రకం పేరు నమూనాల పట్టికలో ఒకలా, పేపర్‌లో ఇంకోలా ఉండకూడదు. ఎక్సెల్‌ను అస్సలు నమ్మొద్దు: ‘మార్చ్1’ అనే జీన్ పేరును అది మార్చి 1వ తేదీగా మార్చేస్తుంది. ఈ గొడవ భరించలేక జీన్ల పేర్లు పెట్టే కమిటీయే 2020లో ఆ పేర్లను మార్చుకుంది!

మనుషుల నమూనాలైతే, ఉదాహరణకు రాయగడలో సికిల్ సెల్ మీద పని అయితే, నమూనా తీయకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి, అది ఒడియా కావచ్చు, కువి కావచ్చు, సవర కావచ్చు. మనుషుల జన్యు డేటాను అందరికీ తెరిచిపెట్టరు. అడిగి అనుమతి తీసుకునే పద్ధతిలో ఉంచుతారు. ఇక మన నేల మీది మొక్కలు, సూక్ష్మజీవుల నమూనాలను విదేశీయులు పరిశోధనకు తీసుకోవాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ ముందస్తు అనుమతి కావాలి. విదేశీ సహ రచయిత ఉంటే గైడ్‌తో ఈ సంగతి మొదట్లోనే తేల్చుకోండి.

కోడ్

రివ్యూయర్ నిజంగా నడిపి చూసేది దీన్నే. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టేశాం కదా అంటే సరిపోదు. మీ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ దారి స్క్రిప్ట్ మూడో లైన్లో అలాగే ఉండిపోతే, అవతలివాడికి ‘ఫైల్ దొరకలేదు’ అని వస్తుంది. ఆదిలోనే హంసపాదు. కాబట్టి పంపే ముందు మీ ప్రోగ్రామ్ ఎప్పుడూ చూడని మిత్రుడి కంప్యూటర్ తీసుకోండి. ప్రోగ్రామ్ ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైల్ ఒక్కటే ఇచ్చి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. అతను ఎక్కడ మిమ్మల్ని ప్రశ్న అడిగితే రీడ్‌మీలో అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఏ పైథాన్ వెర్షన్, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ అన్నది కాండా (ప్యాకేజీలు అమర్చే టూల్) ఫైల్లో రాసి ఇవ్వండి. కొద్ది నిమిషాల్లో నడిచే చిన్న టెస్ట్ డేటా, దానికి రావాల్సిన అవుట్‌పుట్ జతచేయండి. ఎంఐటీ, జీపీఎల్ వంటి ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఏదో ఒకటి పెట్టండి. లైసెన్స్ లేని కోడ్‌ను వాడే హక్కు చట్టప్రకారం సాధారణంగా ఇతరులకు ఉండదు. పేపర్‌కు వాడిన వెర్షన్‌ను జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో భద్రపరిస్తే డీవోఐ (శాశ్వత గుర్తింపు లింక్) వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ జర్నల్ అయితే ప్రచురణ తర్వాత రెండేళ్లపాటు సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉంచాలంటుంది. కాలేజీ సర్వర్‌ను, కరెంటును నమ్ముకుంటే ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం.

పోర్టల్‌లో

పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉచితంగా తీసుకోండి. ఇంటిపేరును ముందు ఒక్క అక్షరంగా రాసుకునే మనవాళ్లు ‘లాస్ట్ నేమ్’ గడిలో ఏం నింపాలో ఒక్కసారి తేల్చుకుని, జీవితాంతం అదే వాడాలి. చిరునామాలో జిల్లా, రాష్ట్రం, పిన్ కోడ్ తప్పనిసరిగా రాయండి. బెంగాల్లోనూ ఒక బరంపురం ఉంది. సారాంశాన్ని జర్నల్ చెప్పిన ఉపశీర్షికల కిందే విడగొట్టాలి. కవర్ లెటర్ ఒక పేజీ మించొద్దు. రివ్యూయర్ల పేర్లు అడిగితే మీ గైడ్ పాత సహ రచయితలను ఇవ్వకండి. ఒకే పేపర్ ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు, కానీ బయోఆర్కైవ్ సైటులో ప్రీప్రింట్ (రివ్యూకి ముందు ప్రతి) పెడితే పైన చెప్పిన జర్నళ్లకు అభ్యంతరం లేదు. ఇంగ్లిష్ సరిదిద్దుకోవడానికి ఏఐ వాడితే ఆ ముక్క రాయండి. దాన్ని రచయితగా మాత్రం చూపకూడదు.

తర్వాత

ఎడిటరే తిప్పి పంపితే కొద్దిరోజుల్లో తెలుస్తుంది. రివ్యూకి వెళ్తే నెలలు పడుతుంది. ‘మేజర్ రివిజన్’ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే బెంగపడకండి, అది మంచి కబురే. రివ్యూయర్ రాసిన ప్రతి వాక్యాన్నీ ఉన్నదున్నట్టు దించి, దాని కిందే మీ జవాబు, పేపర్‌లో ఏ పేజీ ఏ లైన్లో మార్చారో రాయండి. ఆయన అడిగింది తప్పనిపిస్తే కారణం చూపి కాదనొచ్చు, దాటేయడమే కుదరదు.

యాక్సెప్ట్ అయ్యాక వచ్చే ప్రూఫ్‌ను (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిని) తిప్పి పంపడానికి రెండు మూడు రోజులే గడువిస్తారు. అందులో పేర్లు, అక్సెషన్ నంబర్లు, గిట్‌హబ్ చిరునామా అక్షరం అక్షరం సరిచూడండి. పేపర్ బయటికొచ్చిన రోజే ఎన్‌సీబీఐలోకి వెళ్లి, మీరు తర్వాతకు పెట్టుకున్న విడుదల తేదీని మార్చి డేటాను తెరవండి.